నీలిమందు కొలత

మా మేనత్త ట్రంకుపెట్టెలో ఒక పాత ఎఫ్‌ఐఆర్ నకలు ఉంది. 1986 నాటిది. కార్బన్ పేపరు కింద పడ్డ అక్షరాలు కావటంతో సగానికి సగం చెరిగిపోయాయి. సెక్షన్ నెంబరు ఒక్కటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, 420 అని.

అప్పటికి అత్తకి ఇరవై నాలుగేళ్ళు. పల్లెటూరి బడిలో టీచరు. పక్క ఊరి అతను మూడేళ్ళపాటు పెళ్ళి చేసుకుంటానని చెబుతూ వచ్చాడు. కులాలు వేరు. ఉద్యోగం వస్తే ఇంట్లో వాళ్ళని ఒప్పిస్తానన్నాడు. ఆ ఉద్యోగానికి డబ్బు కట్టాలంటే అత్త మెడలో గొలుసు అమ్మి, మరికొంత అప్పు చేసి ఎనిమిది వేలు ఇచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు తిరక్కుండా అతను కట్నం తీసుకుని వేరే అమ్మాయిని చేసుకున్నాడు. చుట్టాలందరూ పరువు పోతుందని వద్దన్నా వినకుండా మా తాతయ్య కూతుర్ని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళాడు.

అత్త అక్కడ మూడేళ్ళ కథా చెప్పింది. రాసుకోవాల్సిన మనిషి పెన్ను ముట్టకుండా అంతా విని, చివర్లో "డబ్బేమన్నా ఇచ్చావా అమ్మా?" అని అడిగాడట. ఎనిమిది వేలు అనగానే పెన్ను తీశాడట. ఆ నకలులో ఉన్నవి పదిహేను వాక్యాలు. పన్నెండు డబ్బు గురించే. పెళ్ళి మాట ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. రెండేళ్ళకి కోర్టు అనుమతితో రాజీ అయింది. ఎనిమిది వేలూ తిరిగొచ్చాయి, కేసు అయిపోయింది.

"నేను డబ్బు కోసం వెళ్ళలేదే" అంటుంది అత్త ఇప్పటికీ.

"మరెందుకు వెళ్ళావత్తా?"

"నన్ను మోసం చేశాడని ఎవరైనా ఒక కాయితం మీద రాసిపెడతారేమోనని."

నేను సాహిత్య విద్యార్థిని, లాయర్ని కాదు. కానీ అత్త కాయితం చూశాక చట్టాన్ని కూడా ఒక టెక్స్టులాగా, కథనో నాటకాన్నో చదివినట్టు చదవాలనిపించింది. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరు కనిపించటం లేదు? ఏది వివరంగా చెప్పి ఏది ఒక్క ముక్కలో దాటేశారు? ఫోర్ ట్వంటీ అన్న మాట మన తిట్లలోకీ సినిమాల్లోకీ వచ్చేసింది. దాని పక్కనే ఉన్న 417వ సెక్షన్ మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాసం నిజానికి ఆ 417 గురించి.

మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ భారత శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసింది 1837లో. అది చట్టం అయింది 1860లో, అమల్లోకి వచ్చింది 1862 జనవరి 1న. అందులో మోసం అంటే ఏమిటో చెప్పేది 415వ సెక్షన్. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఒకర్ని నమ్మించి ఆస్తి తీసుకోవటం ఒక్కటే మోసం అని అది చెప్పదు. మోసపోకపోతే చెయ్యని పనిని ఒక మనిషి చేత చేయించి, దానివల్ల ఆ మనిషి శరీరానికీ, మనసుకీ, పరువుకీ, ఆస్తికీ దేనికి హాని కలిగినా, కలిగే అవకాశం ఉన్నా అది మోసమే అంటుంది. శరీరం, మనసు, పరువు. ఈ మూడు మాటలూ ఆ చట్టంలో మొదటినుంచీ ఉన్నాయి. మా అత్త కథ మొత్తం ఆ మూడు మాటల్లో ఇమిడిపోతుంది.

కానీ నిర్వచనం కింద ఉదాహరణలుంటాయి. ఈ శిక్షాస్మృతి ప్రత్యేకతే అది. నియమం చెప్పి, ఎ అనే అతను జెడ్ అనే అతన్ని ఇలా చేస్తే ఇది నేరం అని చిన్నచిన్న కథలు చెబుతుంది. 415 కింద అలాంటివి తొమ్మిది ఉన్నాయి. సివిల్ సర్వీసులో ఉన్నానని అబద్ధం చెప్పి సరుకు అరువు తీసుకున్నవాడు, నకిలీ ముద్ర వేసి వస్తువు అమ్మినవాడు, దొంగ శాంపిల్ చూపించినవాడు, వజ్రాలు కానివాటిని వజ్రాలని తాకట్టు పెట్టినవాడు, తీర్చే ఉద్దేశం లేకుండా అప్పు చేసినవాడు, ఒకరికి అమ్మేసిన ఆస్తిని మరొకరికి అమ్మినవాడు. తొమ్మిదికి తొమ్మిదీ డబ్బు, సరుకు, ఆస్తి. శరీరానికీ మనసుకీ పరువుకీ ఒక్క కథ కూడా లేదు. తొమ్మిదింటిలో ఒక్క స్త్రీ కూడా లేదు. పుంలింగ సర్వనామం స్త్రీలకీ వర్తిస్తుందని అదే చట్టం 8వ సెక్షన్‌లో చెప్పింది గానీ, వ్యాకరణంలో చోటిస్తే కథలో చోటిచ్చినట్టు కాదుగదా.

ఇక శిక్షల దగ్గరికి వస్తే లెక్క ఇంకా స్పష్టం. మోసం చేసి ఆస్తి రాబట్టుకుంటే 420 కింద ఏడేళ్ళ వరకు జైలు, దానితో పాటు జరిమానా. ఆస్తి ప్రసక్తి లేని ఉత్త మోసానికి 417 కింద ఒక్క ఏడాది వరకు జైలు, లేదా జరిమానాతో సరి. నిర్వచనంలో పక్కపక్కన కూర్చోబెట్టిన ఆస్తినీ మనసునీ శిక్ష దగ్గర విడదీసి, ఒకదానికి ఏడు, రెండోదానికి ఒకటి అని వెల కట్టారు. అసలు ఈ సెక్షన్లన్నీ ఉన్నదే ఆస్తికి సంబంధించిన నేరాల అధ్యాయంలో. స్టేషన్లో ఆ మనిషి అడిగిన ప్రశ్న అతని సొంత తెలివి కాదు. ఆ ప్రశ్న 1860లోనే రాసిపెట్టి ఉంది.

ఆ తొమ్మిది ఉదాహరణల్లో నన్ను ఎక్కువగా ఆపింది నీలిమందుది. ఎ అనేవాడు నీలిమందు మొక్క ఇస్తానని, ఇచ్చే ఉద్దేశం లేకుండానే, జెడ్‌ని నమ్మించి బయానా తీసుకుంటాడు. అది మోసం. అయితే డబ్బు తీసుకునే సమయానికి ఇవ్వాలనే ఉద్దేశం ఉండి, తర్వాత మాట తప్పితే అది మోసం కాదు, సివిల్ దావాకి మాత్రమే పనికొస్తుంది.

ఇందులో ఎ ఎవరు, జెడ్ ఎవరు? నీలిమందు పండించి ఇచ్చేవాడు రైతు. బయానా ఇచ్చేవాడు ఫ్యాక్టరీ దొర. ఈ చట్టం ఆమోదం పొందింది 1860 అక్టోబరులో. సరిగ్గా ఆ 1859, 60 సంవత్సరాల్లోనే బెంగాల్లో రైతులు నీలిమందు సాగు చెయ్యమని తిరగబడ్డారు. బలవంతంగా బయానా అంటగట్టి, తరతరాలకీ తీరని బాకీ రాసి, చాలని ధరకి పంట లాక్కోవటం దొరల పద్ధతి. 1860 మార్చిలో ప్రభుత్వం ఒక తాత్కాలిక చట్టం తెచ్చింది. బయానా తీసుకుని నీలిమందు వెయ్యని రైతుని శిక్షించటానికే ఆ చట్టం. దొంగలెక్కలు రాసిన దొర కథ శిక్షాస్మృతిలో ఉదాహరణగా రాలేదు. మోసగాడి పాత్ర రైతుకి దక్కింది.

ఆ అన్యాయం మీద దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' నాటకం రాశాడు, 1860లోనే. దాన్ని ఇంగ్లీషులో వెయ్యించిన జేమ్స్ లాంగ్ అనే మిషనరీ మీద దొరలు పరువునష్టం కేసు పెట్టారు. 1861లో కలకత్తా కోర్టు ఆయనకి నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. మోసం చేసినవాళ్ళకి కాదు, మోసం గురించి నాటకం వేయించినవాడికి. ఎవరి పరువు పరువో, ఎవరి నష్టం నష్టమో కోర్టులు ఎలా నిర్ణయిస్తాయో చెప్పటానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు అక్కర్లేదు.

మన దగ్గర మోసం గురించి రాసిన నాటకం అంటే 'కన్యాశుల్కం'. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ తిరగరాశాడు. అంటే ఈ శిక్షాస్మృతి ఇక్కడి కచేరీల్లో బాగా పాతుకుపోయిన రోజుల నాటకం. అందులో ప్లీడర్లున్నారు, దొంగసాక్ష్యాలున్నాయి, లేని పిల్ల హత్యకేసు ఉంది. ఆ కళ్ళతో గిరీశాన్ని చూడండి. సామాను తెచ్చిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు పట్టుకుపోయి వేరేచోట తగలేశాడు. ఆవిడ ఫిర్యాదు చేస్తే చట్టానికి అర్థమయ్యే నేరం అది. బుచ్చమ్మ సంగతి? సంస్కరణ పేరు చెప్పి, ప్రేమ కబుర్లు చెప్పి వితంతువైన ఒక చిన్నపిల్లని ఇల్లు దాటించాడు. ఆమె దగ్గర తీసుకున్న డబ్బేమీ లేదు కాబట్టి ఎంత లాగినా అది 417 దాటదు. పోనీ కేసు వేసేదెవరు? ఆమె తండ్రి వేసినా అది తన పరువు కోసమే వేస్తాడు.

గురజాడ ఈ విషయాన్ని కోర్టుకి పంపలేదు. గిరీశం ఎలాంటివాడో సౌజన్యారావు పంతులికి తెలియజేసింది మధురవాణి. మోసం, మనసు, పరువు అన్న మాటల్లో ఏదీ తనకి వర్తించదని లోకం అనుకునే వేశ్య. తీర్పు ఒక గదిలో జరిగింది. బుచ్చమ్మని పూనా విడోస్ హోముకి పంపటం, గిరీశానికి ఆమె దక్కకుండా ఆపటం. చిన్నప్పటినుంచీ ఆ ముగింపు నాకు చప్పగా అనిపించేది. అత్త కాయితం చూశాక మరోలా అనిపిస్తోంది. ఆ రోజుల్లో ఏ కచేరీ ఇవ్వని ఒక మాట, అతను ఆమెని మోసం చేశాడు అన్న మాట, ఆ గదిలో పైకి వచ్చింది.

అయితే 1860 చట్టానికి ఆడవాళ్ళు మోసపోతారని అసలు తెలియదనటం సరికాదు. తెలుసు. దానికి వేరే గది కట్టింది, వివాహానికి సంబంధించిన నేరాల అధ్యాయం. పెళ్ళయిందని ఒక స్త్రీని నమ్మించి కాపురం చేస్తే 493 కింద పదేళ్ళు. మొదటి పెళ్ళి దాచి మళ్ళీ చేసుకుంటే 495 కింద పదేళ్ళు. ఉత్తుత్తి పెళ్ళితంతు జరిపితే 496 కింద ఏడేళ్ళు. 420 కంటే పెద్ద శిక్షలు కూడా ఉన్నాయన్నమాట. కానీ ఎవరి కోసం? అదే అధ్యాయంలో 497వ సెక్షన్ ఉంది. భర్త అనుమతి లేకుండా భార్యతో సంబంధం పెట్టుకుంటే భర్తకి జరిగిన నేరం అది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018లో గానీ కాదు. పక్కపక్కన పెట్టి చదివితే ఆ అధ్యాయం కాపాడుతున్నది స్త్రీ నమ్మకాన్ని కాదు, వివాహాన్ని. తాళి కట్టినట్టు నటించి మోసం చేస్తే పదేళ్ళు. కడతానని చెప్పి మోసం చేస్తే ఒక ఏడాది. ఆస్తికీ పెళ్ళికీ మధ్య మిగిలిపోయిన ఆడవాళ్ళందరిదీ 417.

ఆ ఇరుకులోంచి బయటపడటానికి 1980ల నుంచీ కోర్టుల్లో ఇంకో దారి వెతుకుతూ వచ్చారు. అపోహలో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని 90వ సెక్షన్ చెబుతుంది. పెళ్ళి చేసుకుంటాడన్న అపోహలో సమ్మతించింది కాబట్టి అది అత్యాచారం అని వాదన. 1983 సవరణ తర్వాత అత్యాచారానికి కనీస శిక్ష ఏడేళ్ళు, 2018 తర్వాత పదేళ్ళు. అంటే ఒకే సంఘటనకి మోసం అని పేరు పెడితే ఏడాది, అత్యాచారం అని పేరు పెడితే పదేళ్ళు. మధ్యలో ఏమీ లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు జడ్జీలు ఏం చేస్తారు? చాలాసార్లు వదిలేస్తారు.

2003లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు నిందితుణ్ణి విడుదల చేసింది. ఆ తీర్పులో కారణాలు చదవండి. ఆమె పంతొమ్మిదేళ్ళ కాలేజీ విద్యార్థిని, తెలివి వచ్చిన పిల్ల. వాళ్ళిద్దరి కులాలు వేరు. పెళ్ళికి ఇళ్ళల్లో గట్టి వ్యతిరేకత వస్తుందని ఆమెకి తెలుసు. కాబట్టి అతని మాట నమ్మి మోసపోయిందనలేం. నాకు ఒళ్ళు జలదరించింది. కులం గోడ కట్టింది ఆమె కాదు. ఆ గోడ ఉందని తెలిసీ నమ్మటం ఆమె తప్పయింది, అతనికి రక్షణ అయింది. కులాలు వేరుగా ఉన్న ప్రేమలో ఇచ్చిన మాటకి చట్టం దృష్టిలో అసలు బరువే లేదన్నట్టు. మా అత్త కేసు అక్కడిదాకా వెళ్ళి ఉంటే ఇదే మాట వినేది.

2006లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో అదే కోర్టు శిక్షని ఖాయం చేసింది. అందులో నిందితుడు ఊరి పంచాయితీలో పెద్దల ముందు పెళ్ళి చేసుకుంటానని ఒప్పుకుని, ఆపైన కనిపించకుండా పోయాడు. మొదటినుంచీ ఆ ఉద్దేశం లేదని కోర్టు నమ్మింది. 2019లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ఇంకా విడమరిచింది. మాట ఇచ్చే సమయానికే నిలబెట్టుకునే ఉద్దేశం లేకపోతే అది అబద్ధపు వాగ్దానం, నేరం. అప్పుడు ఉద్దేశం ఉండి తర్వాత మాట తప్పితే వాగ్దాన భంగం మాత్రమే, నేరం కాదు. ఆ ఒక్క ఏడాదే, కులం అడ్డొచ్చిందని తప్పుకున్న ఒకతని మీద ఎఫ్‌ఐఆర్ కొట్టేశారు. అప్పటికే వేరే సంబంధం ఖాయమైన సంగతి దాచిన ఇంకొకతనికి పదేళ్ళ శిక్షని ఏడేళ్ళు చేసి ఖాయం చేశారు.

ఈ సూత్రం ఎక్కడో చదివినట్టుందే అనిపించి వెనక్కి తిరగేశాను. అది నీలిమందు ఉదాహరణే. బయానా తీసుకునేనాటికి మొక్క ఇచ్చే ఉద్దేశం ఉందా లేదా? నూట అరవై ఏళ్ళ కింద దొరకీ రైతుకీ మధ్య సరుకు లెక్క తేల్చటానికి కట్టిన కొలతతో ఇవాళ ఒక స్త్రీ మూడేళ్ళ జీవితాన్ని కొలుస్తున్నారు. మొదటి రోజు నిజంగానే అనుకున్నాడు, రెండో ఏడు మానుకున్నాడు, మానుకున్నాక కూడా చెబుతూనే వచ్చాడు. మనుషుల మోసం ఎక్కువగా ఇలాగే ఉంటుంది. నీలిమందు కొలతలో మొదటి రోజుకే లెక్క. మిగతా వెయ్యి రోజులకి లెక్క లేదు.

2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 417 ఇప్పుడు 318వ సెక్షన్‌లో భాగం. శిక్ష ఏడాది నుంచి మూడేళ్ళకి పెరిగింది. ఆస్తి మోసానికి ఏడేళ్ళు అలాగే ఉంది. కొత్తగా వచ్చింది 69వ సెక్షన్. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్ళి చేసుకుంటానని గానీ, ఉద్యోగమో ప్రమోషనో ఇస్తాననో, అసలు గుర్తింపు దాచి పెళ్ళాడో, ఇలాంటి మోసంతో లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ళ వరకు జైలు. అత్యాచారం కాదు గానీ నేరం అని చెప్పటంతో ఆ మధ్య ఖాళీ నిండినట్టే కనిపిస్తుంది.

నాకు సంతోషం కలగటం లేదు. ఇందులో లెక్కకొచ్చేది లైంగిక సంబంధం ఒక్కటే. ఆడదాని దగ్గర మోసపోవటానికి ఆస్తి లేకపోతే శరీరమే ఉంటుందన్న పాత ఊహే ఇది. ఆమె పోగొట్టుకున్న ఏళ్ళు, వదులుకున్న సంబంధాలు, బదిలీలు, ఊళ్ళో తలెత్తుకు తిరగలేనితనం, తన తెలివి మీద తనకి పోయిన నమ్మకం, ఇవేవీ 69లో లేవు. పైగా సమ్మతి అంటే పెళ్ళి అనే ధరకి ఇచ్చేది అన్న అర్థం అందులో దాగుంది. ఇష్టపడి చేసిన కులాంతర ప్రేమల్ని విడగొట్టటానికి తల్లిదండ్రుల చేతికి ఇది ఆయుధం అవుతుందన్న భయం మనలో చాలామందికి ఉంది, అది ఉత్త భయం కాదు.

శిక్షలు పెంచమని అడగటమే స్త్రీవాదం అనుకోవటం కూడా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. పెద్ద శిక్ష రాసి ఉన్నంత మాత్రాన ఏం జరుగుతుందో మన హైదరాబాదులోనే చూశాం. సత్యం కంపెనీ లెక్కల్లో ఏడు వేల కోట్లు పైచిలుకు మోసం ఉందని దాని అధిపతి 2009 జనవరి 7న తనే ఉత్తరం రాశాడు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ జైలు వేసింది. మే 11న సెషన్స్ కోర్టు శిక్ష అమలు నిలిపి బెయిలిచ్చింది. విచారణ రోజుల్లో ఆయన జైల్లో గడిపిన మాట నిజమే. కానీ ఎనిమిది వేలకీ వేలకోట్లకీ 420లో పై హద్దు ఒక్కటే, కింది హద్దు అసలు లేదు. శిక్ష ఎంత వెయ్యాలో చెప్పే మార్గదర్శక సూత్రాలు కావాలని 2003లోనే మలిమత్ కమిటీ సిఫార్సు చేసింది. అలాంటి సమగ్రమైన సూత్రాలు మనకి ఇప్పటికీ లేవు. మిగతాది జడ్జి మనసు, లాయరు శక్తి, రాజీకి ఒప్పుకునేంత అలసట.

మరి ఏం అడగాలి? 415లో మొదటినుంచీ ఉన్న, ఇప్పుడు 318లోకి వచ్చిన ఆ మూడు మాటల్ని, శరీరం, మనసు, పరువు, నిజంగా చదవమని అడగాలి అనిపిస్తోంది. స్టేషన్లో మొదటి ప్రశ్న డబ్బు గురించి కాకుండా ఉండటం, ఎఫ్‌ఐఆర్‌లో ఆమె చెప్పింది చెప్పినట్టు ఉండటం, మాట మొదటి రోజే కాదు, ఆ తర్వాత ఎన్నాళ్ళు అబద్ధంగా సాగిందో కూడా చూడటం, రాజీ అయినా సరే ఏం జరిగిందో తీర్పులో రాయటం. వీటికి పదేళ్ళ జైలు అక్కర్లేదు. వేరే రకం ఉదాహరణలు కావాలి. ఉదాహరణలు రాయటం మనకి రాని పని కాదు, ఇన్నాళ్ళుగా కథల్లో మనం చేస్తున్నది అదేగదా.

ఈ వ్యాసం రాయటానికి ముందు అత్తని అనుమతి అడిగాను. పేరు వద్దంది, ఊరు వద్దంది. అతను ఇప్పుడు మనవలతో ఉన్నాడు, వాళ్ళనేం అనవద్దంది. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి ఆ నకలు నా చేతిలో పెట్టి, "జిరాక్సు తీయించుకో, ఇంకొన్నాళ్ళు పోతే కనపడదు" అంది. తీయించాను. మిషన్లో ఇంకా పల్చబడి వచ్చింది. పదిహేను వాక్యాల్లో పెళ్ళి మాట ఉన్న ఆ ఒక్క వాక్యం అసలు పడలేదు. దాన్ని నా చేత్తో మళ్ళీ రాశాను.